ప్రమాణానికి ముందే

రాజుగారు ఇంకా రాలేదు. వచ్చేముందు డోళ్లు వినిపిస్తాయని పక్కనున్నావిడ చెప్పింది. ఆవిడ పారిస్ మనిషి, నది ఒడ్డున బట్టలుతుకుతుందట, ఆవిడకు అన్నీ తెలుసు, తన చెక్కజోడు నా కాలి వేళ్ల మీద ఉందన్న సంగతి ఒక్కటే తెలియదు. నా కూతురు తియరెట్ నా లంగా కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు, అడగడం లేదు, ఊరికే నా నడుము సంచి వైపు చూస్తోంది. సంచిలో తేనెరొట్టె ఉంది. మా ఊరు రీమ్స్ నుంచి గుడ్డలో చుట్టి తెచ్చాను, దారి పొడుగునా బండి అంతా దాని వాసనే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి రెండుసార్లు గుటక వేశాడు. రాజుగారు ముట్టుకున్నాకే తినాలి తల్లీ అని చెప్పాను. పరగడుపున ఉండాలి, అది నియమం, నిన్న సాయంత్రం పులుసు తాగాక దాని నోట్లో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. నేనూ తినలేదు. నా గురించి నియమం ఏమీ లేదు గానీ, పిల్ల మాడుతుంటే తల్లికి ముద్ద ఎలా దిగుతుంది.

మా వైపు దీన్ని రాజుగారి జబ్బు అంటారు, రాజుగారు ముట్టుకుంటే మానుతుందని. పుస్తకాల్లో గండమాల అని రాస్తారట, మెడ మీద గడ్డలు, ఒకటి చెవి కింద, రెండు దవడ కింద, పోయిన ఏడాది ద్రాక్షకోతలప్పుడు శనగగింజంత ఉండేవి, ఇప్పుడు కోడిగుడ్లలా ఉన్నాయి. తియరెట్ తల ఒకవైపే తిప్పుతుంది. చలి లేకపోయినా శాలువా చుట్టి ఉంచుతాను, పిల్లలు చూసి నవ్వుతారని కాదు, పెద్దవాళ్లు చూసి మొహం తిప్పుకుంటారని. డాక్టరు వేలితో నొక్కి చూశాడు, ఇది లోపలికి పోతోందమ్మా, కోతలయ్యాక తీసుకురా, కోసి తీసేద్దాం, చలికాలం దాకా ఆగితే గొంతు మూసుకుపోతుంది అన్నాడు. కోసి తీసేద్దాం అని ఎంత తేలిగ్గా అన్నాడు, తోటలో గుత్తి కోసినట్టు. మా వీధిలో నూలు వడికే ఆవిడ కొడుకుని అలాగే కోశారు, కోత బాగానే జరిగింది, పిల్లవాడే మిగల్లేదు. నాకు భయం. దాచుకోవడం ఎందుకు. కత్తి లేకుండా మానే దారి ఒకటి ఉంది, అది నా మెడ మీదే ఉంది, ఎడమ చెవి కింద పాత మచ్చ, తొమ్మిదేళ్లప్పుడు నన్ను రాజుగారు ముట్టుకున్నారు. నాకు మానింది కదా. నా బిడ్డకి ఎందుకు మానదు.

కానీ ప్రమాణానికి ముందే ముట్టుకోవాలి. అదే ఇవాళ్టి తొందర. ఇవాళ రాజుగారు సభలోకి వెళ్లి, కొత్త రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని నలుగురి ముందు ప్రమాణం చేస్తారు. ఆ సభ కూడా ఎక్కడ, ఒకప్పుడు రాజుగారి గుర్రాలకు నడక నేర్పిన కొట్టాంలో! ఇకమీదట చట్టం పైన, రాజు కింద. మా ఆయన నికేజ్‌కి ఇది పెళ్లికంటే పెద్ద పండగ. ఉన్ని దువ్వే మనిషి, పన్ను కట్టినందుకు ఓటు ఇచ్చారు, ఆ రోజు నుంచి మెడ కాస్త పొడుగైంది, బూట్లకు నూనె రాయకుండా గుమ్మం దాటడు. "ఇక ఆయన ఫ్రాన్సుకి రాజు కాదే పోన్సెట్, ఫ్రెంచివాళ్లకి రాజు. నేల ఆయనది కాదు. మనం ఒప్పుకున్నాం కాబట్టి రాజు" అన్నాడు. "అయితే ఆయన చెయ్యి మునుపటిలాగే ఉండాలని కూడా ఒప్పుకో, నీ ఓటు దేనికి మరి" అన్నాను. తర్వాత మెల్లగా అన్నాడు, "చెయ్యి అదే, నూనె అదే. సంతకం పెడితే నూనె కారిపోతుందా?" మా ఊరి చర్చిలో పట్టాభిషేకం నాడు రాజుగారికి రాసిన నూనె అది, దాని వల్లే చేతికి ఆ గుణం వస్తుందని మా ఊళ్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. కారిపోతుందా అంటే నాకేం తెలుసు. ఈ వసంతంలో మా చర్చి గురువుగారు కొత్త చట్టానికి ప్రమాణం చేశారు, చేసిన మర్నాటి నుంచి మా అత్త ఆయన పూజకు వెళ్లడం మానేసింది. ప్రమాణం చేసిన నోటితో మంత్రం చెప్తే రొట్టె రొట్టెలాగే ఉంటుంది, దేవుడు దిగడు అంటుంది. ఊరవతల ఎవరి పాకలోనో ప్రమాణం చేయని గురువు పూజ చేస్తుంటే ఆవిడ మోకాళ్ల నొప్పులతో అంతదూరం నడిచిపోతుంది. సగం వీధి ఆవిడ వైపే. గురువు నోటికి అలా అయితే రాజు చేతికి ఎలా కాదు? నేను అత్తతో ఏ విషయంలోనూ ఏకీభవించను, పులుసులో ఉప్పు దగ్గర్నుంచీ, కానీ ఈ మాట మాత్రం మెదడులో దిగబడిపోయింది. ప్రమాణం అయ్యాక ఆ చెయ్యి నికేజ్ చెయ్యి లాంటిదే అయితే, ముట్టుకోవడానికి నికేజ్ ఇంట్లోనే ఉన్నాడు.

జూన్‌లోనే రాజుగారి చెయ్యి దొరికి ఉండాల్సింది. దేశమంతా రాజు పారిపోయాడని మండిపడింది, నేనూ మండిపడ్డాను, కారణం వేరు. దారిలో ఆపి వెనక్కి తీసుకొస్తుంటే మా వైపునుంచే వచ్చారు, ఎపెర్నే ఊరి మీదుగా. మా ఊరి కాపలాదళంతో పాటు నికేజ్ ఈటె పట్టుకుని ఊరేగింపుగా వెళ్లాడు, రెండు రోజులకు గొంతు పోయి, దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చాడు. చూశావా అంటే చూశాను అన్నాడు. ఏం చూశావు అంటే బండి చక్రాలు అన్నాడు. "పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో రాజుగారు ఉంటే, ఇంట్లో ఈ మెడ పెట్టుకుని నువ్వు ఈటె తీసుకుపోయావా? పిల్లని తీసుకుపోవాలని తోచలేదా?" అని అరిచాను. "ఆయన్ని ఖైదీగా తెస్తుంటే నేను వెళ్లి పిల్లని ముట్టుకోమని అడగాలా, ఏం మాట్లాడుతున్నావే!" అన్నాడు. అప్పటికి ప్రమాణం లేదు, సంతకం లేదు, చెయ్యి పాతదే. మూడు రోజులు ఆయనకు పళ్లెం పెట్టాను గానీ మాట పెట్టలేదు. పారిస్ వెళ్తాను అన్నప్పుడు ఇక ఆయన అడ్డం చెప్పలేదు, వెళ్లిరా, కానీ నయం కాకపోతే కోతలయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం, మళ్లీ మాట మార్చకూడదు అని చెయ్యి చాచాడు. చేతిలో చెయ్యి వేశాను.

మా అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్లిన రోజు కూడా ఇలాగే జనం. పట్టాభిషేకం అయిన తర్వాత, మఠం వెనక చెట్ల వరసల్లో రోగుల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు, వేలమంది, గాలి ఇటు తిరిగితే వాసనకు కళ్లు తిరిగేవి. మా తమ్ముడు రెమీ నా పక్కనే, ఇద్దరికీ ఒకటే శాలువా. ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదు, వాడి కడుపు కూస్తే నాకు నవ్వొచ్చింది, నాది కూసింది, వాడికి నవ్వొచ్చింది, అమ్మ ఇద్దరి నెత్తిమీదా మొట్టింది. రాజుగారిని చూశావా అని తర్వాత ఊరంతా అడిగారు. చూశాననే చెప్పాను, ఎవరైనా ఏం చెప్తారు. నిజానికి కళ్లు మూసుకున్నాను. నుదుటి నుంచి గడ్డం దాకా వేళ్లు జారాయి, ఈ చెవి నుంచి ఆ చెవికి జారాయి, శిలువ గుర్తులాగా, అంతే, అయిపోయింది, వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా అని ఎంత తవ్వినా గుర్తు రాదు. గుర్తున్నది వేరే చేతులు. ముట్టుకునేటప్పుడు రోగి ఉలిక్కిపడి చెయ్యి విసరకుండా దళపతి ఒకాయన ముందుకు వంగి మన రెండు చేతులూ కలిపి పట్టుకునేవాడు. చర్మం గట్టిపడిన చేతులు, కళ్లేలు పట్టిన చేతులు, వణుకుతున్న నా చేతుల్ని గూట్లో పిట్టను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ రోజంతట్లో నాకు భయం పోయింది ఆ కాసేపే. ఆయనెవరో, ఉన్నాడో లేడో.

డోళ్లు. జనం ఒక్కసారి ముందుకు తోసుకున్నారు, చాకలావిడ చెక్కజోడు నా కాలి మీద నుంచి లేచింది, దేవుడు ఉన్నాడు. తియరెట్‌ని చంకలోకి ఎత్తుకున్నాను, శాలువా తీసేశాను, మెడ కనపడాలి కదా. నీలం కోటు కాపలావాళ్లు తుపాకులు అడ్డంగా పట్టుకుని గోడ కట్టారు. నా ముందున్నవాడికి నా తమ్ముడు బతికుంటే ఎంతో అంత వయసు, మొన్నమొన్నటి దాకా విగ్గులు దువ్వినవాడై ఉంటాడు, చేతులకు ఇంకా ఆ పొడి వాసన పోలేదు. వాడి చంక కింద నుంచి దూరబోయాను.

"ఏమ్మా, ఎక్కడికి దూరతావ్? వెనక్కి, వెనక్కి!"

"ఒక్కసారి రాజుగారు ముట్టుకోవాలి బాబూ, పిల్ల మెడ చూడు!"

చూశాడు. మొహం తిప్పుకోలేదు, అది చెప్పుకోవాలి. "ఇప్పుడు కాదమ్మా, నా ఉద్యోగం ఊడుతుంది. తిరిగొచ్చేటప్పుడు మెల్లిగా వస్తారు, సభవాళ్లంతా వెంట ఉంటారు, అప్పుడు నేను అటు తిరిగి నిలబడతాలే."

"అప్పుడెందుకు బాబూ, అప్పటికి అయిపోతుందిగా!" అని నేను అరుస్తుండగానే గుర్రాలు వెళ్లిపోయాయి. బండి అద్దం వెళ్లింది. అద్దంలో ఆకాశం కనిపించింది, ఒక ముక్క గోడ కనిపించింది, లోపల ఎవరున్నారో కనిపించలేదు. నేనూ చూశాను ఇక, నికేజ్ లాగే, చక్రాలు. కొట్టాం తలుపుల వైపు కేకలు దూరమయ్యాయి. తియరెట్ నా చెవి దగ్గర, "వెళ్లిపోయారా అమ్మా?" అంది. వస్తారులే అన్నాను. దింపేసి శాలువా మళ్లీ చుట్టాను.

"ఏం అయిపోతుందన్నావ్?" అని నీలం కోటు అబ్బాయి అడిగాడు, ఇప్పుడు తీరిక దొరికి. చెప్పాను. గురువుగారి పూజ సంగతి, నూనె సంగతి, అన్నీ. వాడు తుపాకి మీద వాలిపోయి నవ్వాడు. "అంటే ఏంటి, లోపలికి వెళ్లేటప్పుడు చేతిలో మహిమ ఉంటుంది, బయటికొచ్చేసరికి ఆవిరైపోతుందా? మన రాజ్యాంగానికి అంత బలముందని లోపల కూర్చున్నవాళ్లకే తెలీదమ్మా!" చాకలావిడ కూడా అందుకుంది, "ఇన్నాళ్లూ దేవుడి జీతగాడు, ఇవాళ్టి నుంచి మన జీతగాడు. ఇక మనం ముట్టుకోమంటే ముట్టుకోవాలి, మంచిదే కదే పిచ్చిదానా!" చుట్టూ నలుగురు నవ్వారు. నవ్వండి, మీ పిల్లల మెడలు బాగున్నాయి. కోపం వచ్చింది, వెంటనే పోయింది, ఎందుకంటే ఆ మాట వినగానే నాకూ కాస్త నవ్వొచ్చింది. ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో. లేచి నిలబడ్డారో, కూర్చున్నారో. నోరు తెరిచారో లేదో. ఇంకా తెరవకపోతే చెయ్యి ఇంకా పాతదే, మధ్యలో ఒక గోడ, అంతే. గోడకు ఇవతల నేను, ఆకలితో నా బిడ్డ.

రెమీ కూడా ఆకలితోనే ఉన్నాడు. అదే చెయ్యి, అదే వరస, నా తర్వాత వాడు, రాజుగారు ఒక్క అడుగు వేసి ఉంటారు. చలికాలంలో నా గడ్డ దానంతట అదే పగిలి, కారి, మానింది. వాడిది లోపలికి పోయింది. వాడు గుటక వేయలేక పాలు ముక్కులోంచి వచ్చేవి. పువ్వులు పూసే రోజులకు వాణ్ణి పూడ్చాం. అమ్మ ఊరందరికీ ఒకటే మాట చెప్పింది, వాడు తిన్నాడు, దారిలో ఏదో నోట్లో వేసుకున్నాడు, నియమం తప్పాడు, అందుకే. అబద్ధం. ఒకే శాలువాలో ఉన్నాం, వాడి నోరు నా భుజానికి ఆనుకునే ఉంది, వాడేమీ తినలేదు. అమ్మకు తెలుసు. కానీ ఆ చెయ్యి ఒకరికి పనిచేసి ఒకరికి చేయలేదంటే ఇంకేదో ఒప్పుకోవాలి, అది ఒప్పుకోవడం కంటే చచ్చిపోయిన పిల్లవాడి మీద ఒక రొట్టెముక్క వేయడం ఆవిడకు తేలికైంది. నేనెప్పుడూ కాదనలేదు, ఆవిడ ఏడుస్తుంటే ఏం కాదంటాం. మరి నేను ఇవాళ ఏం చేస్తున్నాను? పిల్లను మాడ్చి పెట్టాను, ముందు, తర్వాత అని లెక్కలు వేస్తున్నాను. రేపు మానకపోతే ఏం చెప్పాలో అది కూడా సిద్ధంగా ఉంది, ప్రమాణం అయిపోయాక ముట్టుకున్నారు, అందుకే. అమ్మ నెపం రొట్టెముక్క మీద వేసింది, నేను రాజ్యాంగం మీద వేస్తాను. డాక్టరు మాట గుర్తొచ్చింది, ఇది లోపలికి పోతోందమ్మా. రెమీకీ అదే కదా జరిగింది. లోపలికి పోయింది. ఎవరూ కోయలేదు, ఎందుకంటే రాజుగారు ముట్టుకున్నారు కదా, ఇక మానుతుందని కూర్చున్నాం.

ఫిరంగి పేలింది. కిటికీ రెక్కలు అదిరాయి, తియరెట్ నా కాళ్లను కరుచుకుంది. మళ్లీ పేలింది. టోపీలు గాల్లోకి లేచాయి, ఎవరో ముసలాయన భోరున ఏడుస్తున్నాడు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కౌగిలించుకుంటున్నారు. చాకలావిడ నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది, "అయిపోయిందే! ఇక గొడవల్లేవు, ఇక అంతా సుఖమే!" అంది. అయిపోయింది. ప్రమాణం చేసేశారు. నాలో ఏదో విరుగుతుందనుకున్నాను, ఏమీ విరగలేదు. మోకాళ్లు మాత్రం నొప్పి పెట్టాయి, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను మరి.

నడుము సంచిలోంచి తేనెరొట్టె తీశాను. గుడ్డ విప్పాను. "తిను" అన్నాను.

తియరెట్ నా మొహం చూసింది, రొట్టె చూసింది. "ఇంకా ముట్టుకోలేదుగా?"

"తిను తల్లీ. ఆకలేస్తోందిగా."

తింది. మెడ తిప్పలేక తల ఒక పక్కకు వాల్చి, రెండు చేతులతో పట్టుకుని తింది. మింగేటప్పుడు ఒకచోట ఆగుతోంది, అది చూశాను, ఇన్ని రోజులూ చూసీ చూడనట్టున్నాను, ఇవాళ చూశాను. అప్పుడే డోళ్లు మళ్లీ మొదలయ్యాయి. కొట్టాం వైపు నుంచి నల్లకోట్ల గుంపు మెల్లిగా కదిలి వస్తోంది, సభవాళ్లు, వాళ్ల మధ్యలో ఎక్కడో ఆయన. నీలం కోటు అబ్బాయి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "ఏమ్మా, రా, ఇప్పుడే. పిల్లనిటివ్వు, నేను ఎత్తి పట్టుకుంటా, నీ అదృష్టం" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు. మంచి పిల్లవాడు. తుపాకి పక్కకు తీశాడు, దారి నిజంగానే ఉంది, నాలుగు అడుగులు. ప్రమాణం చేసిన చెయ్యో చేయని చెయ్యో, ముట్టుకుంటే పోయేదేముంది అని ఒక్క క్షణం అనిపించింది. పోయేదుంది. ముట్టుకుంటే ఇంటికెళ్లి మళ్లీ ఎదురుచూస్తాను. కోతలయ్యాక అంటే, ఇంకొన్నాళ్లు చూద్దాం, రాజుగారు ముట్టుకున్నారు కదా అంటాను. నన్ను నేను ఎరుగుదును, అమ్మ కడుపున పుట్టినదాన్ని.

"వద్దు బాబూ. అది తినేసింది" అన్నాను.

"తింటే ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. అదే చెప్తున్నా."

వాడికి అర్థం కాలేదు, పోనీ. గుంపు మమ్మల్ని దాటిపోయింది, కేకలు దానివెంటే పోయాయి, చాకలావిడ కూడా దానివెంటే పరిగెత్తింది, నాతో ఒక మాటైనా చెప్పకుండా. వీధిలో కాస్త గాలి ఆడింది. తియరెట్ మొహం నిండా తేనె, రొట్టె పొడి, పొద్దున దువ్విన జుట్టుకు కూడా అంటించుకుంది. నేల మీద కూర్చుని చేత్తోనే తుడిచాను, నుదుటి మీద నుంచి కిందికి గడ్డం దాకా, తర్వాత ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, గడ్డల మీద మెల్లగా. అది కళ్లు మూసుకుంది. తుడవడం అయ్యాక కూడా తెరవలేదు.

"అదేనా అమ్మా? ముట్టుకోవడం అంటే అదేనా? అయిపోయిందా?"

అవునని అనొచ్చు. ఎంత తేలిక.

"కాదు. ఇది రొట్టె తుడవడం" అన్నాను. "ఇంటికెళ్లాక డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఆయన కోస్తాడు. నొప్పి పుడుతుంది, చాలా పుడుతుంది."

కళ్లు తెరిచింది. "నువ్వెక్కడుంటావ్?"

దాని చేతులు రెండూ తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, నా చేతుల్లో మూసి పట్టుకున్నాను. జిగురుగా ఉన్నాయి, వణుకుతున్నాయి.

"ఇక్కడ" అన్నాను.